మారేడుమిల్లి ఘాట్: నీటికి దారి వదిలిన రోడ్డు

రాజమహేంద్రవరం గోదావరి ఒడ్డున ఉంది. భద్రాచలమూ గోదావరి ఒడ్డునే ఉంది. అయినా మారేడుమిల్లి మీదుగా భద్రాచలం పోయే బస్సెక్కితే అది ఊరు దాటీ దాటగానే గోదావరికి వీపు తిప్పి కోరుకొండ, గోకవరం వైపు పరుగెత్తుతుంది. రంపచోడవరం దగ్గర అడవిలో పడుతుంది, మారేడుమిల్లి దాటాక కొండెక్కుతుంది, తులసిపాక వైపు దిగి చింతూరు దగ్గర శబరి లోయలోకి చేరుతుంది. మళ్లీ గోదావరి ముఖం చూసేది భద్రాచలం చేరువలోనే. ఏరు చూపించిన దారి ఉండగా ఇంత చుట్టు తిరగడం ఏమిటని డెల్టాలో పుట్టిన వాడికి అనిపించి తీరుతుంది. మన వైపు రోడ్డంటే గట్టే కదా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు ఎటు పారాయో దారులూ అటే నడిచాయి. కాలువ గట్టెక్కితే చాలు, ఏ లాకుల దగ్గరికో, ఏ రేవు దగ్గరికో అదే చేరుస్తుంది.

ఈ రెండు ఊళ్ల నడుమ గోదావరి దాటి వచ్చే పాపికొండల్లో ఆ పప్పులు ఉడకవు. అక్కడ కొండలు నేరుగా నీళ్లలోకే దిగుతాయి, కాలు మోపడానికి గట్టు ఉండదు. గట్టు దొరికిన చోట వరద దొరకనివ్వదు. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు లేచింది, 2022 జులైలో 71.3 అడుగులకు. ఆ ఎత్తున నీళ్లొచ్చే లోయలో రోడ్డు వేస్తే ఏటా ఆషాఢం వచ్చేసరికి దాన్ని వెతుక్కోవాలి. ఈ దారి జాడ తీసిన వాళ్లు నదితో తగువు పెట్టుకోలేదు. నదిని వదిలేసి, వాగుల వెంట పైకి పోయి, ఇటు నీళ్లు గోదావరికీ అటు నీళ్లు శబరికీ చీలే కొండల నడుమ దాటడానికి వీలైన సందు వెతుక్కున్నారు. ఈ రోడ్డులో నేను మెచ్చుకునే మొదటి పనితనం ఇదే. ఇది తట్ట, పార పట్టకముందే జరిగిపోయిన పని కాబట్టి ఎవరి కంటా పడదు.

కంట పడేవి మలుపులు. మారేడుమిల్లి అనగానే ఫోన్లో చూపించే బొమ్మలన్నీ అవే: పైనుంచి డ్రోన్‌తో తీసిన మెలికలు, ఇరువైపులా పచ్చదనం. 2021లో ‘పుష్ప’ వచ్చాక ఆ మెలికల దగ్గర కారాపి నిలబడే వాళ్లు మరీ పెరిగారు. అందం కాదనను. కానీ మలుపు అలంకారం కోసం పెట్టింది కాదు. అది వాలు కోసం కట్టిన వెల. కొండ మీద 300 మీటర్లు పైకి పోవాలనుకుందాం. ఇరవై అడుగులు ముందుకు నడిస్తే ఒక అడుగు మించి లేవకూడదని నియమం పెట్టుకుంటే ఆ ఎత్తుకు 6 కిలోమీటర్ల రోడ్డు కావాలి. కొండ వాలు నేరుగా కొలిస్తే కిలోమీటరే ఉండొచ్చు. మిగతా అయిదు కిలోమీటర్లను ఎక్కడ పెడతారు? అదే కొండ ముఖం మీద ఇటూ అటూ మడిచి పెడతారు. ఒక్కో మడత ఒక్కో హెయిర్‌పిన్.

మన దేశంలో కొండ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన మామూలు వాలు ఈ ఇరవైకి ఒకటే. మరీ తప్పని చోట కొంచెం నిటారు చేసుకోవచ్చుగానీ దానికీ హద్దు ఉంది. బండి బలం పెరిగాక ఈ లెక్క దేనికంటారేమో. లెక్క ఎక్కే బండి కోసం మాత్రమే కాదు, దిగే బండి కోసం కూడా. వెదురు లోడుతో దిగే లారీకి ఇంజను బలం అక్కరకు రాదు, బ్రేకు వేడెక్కకుండా ఉండటమే కావాలి. అందుకే ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగమని ఘాట్ డ్రైవర్లు కొత్తవాళ్లకు చెబుతుంటారు.

ఈ వాలును కొండ మీద ఎలా గీశారన్నది ఇంకా ముచ్చటైన సంగతి. పాత రోజుల్లో ఘాట్ రోడ్లకు జాడ తీయడానికి ఘాట్ ట్రేసర్ అనే పనిముట్టు ఉండేది. నిలువు కర్రకు వేలాడే గొట్టం, ఆ గొట్టానికి జరపడానికి వీలైన బరువు. బరువును కావలసిన గుర్తు దగ్గరికి జరిపితే గొట్టం సరిగ్గా ఆ వాలుకు వంగి నిలుస్తుంది. ఒకడు గొట్టంలోంచి చూస్తుంటే ఇంకొకడు లక్ష్యం బిగించిన కర్ర పట్టుకుని పొదల్లో ముందుకు పోతాడు. పైకి జరుగు, కిందికి జరుగు అంటూ కేకలు. లక్ష్యం గొట్టంలో కుదిరిన చోట మేకు కొడతారు. మేకు నుంచి మేకుకు, అలా కొండ చుట్టూ. అడుగు దూరంలో ఏముందో కనిపించని వెదురు పొదల్లో, జలగల్లో, జ్వరాల్లో ఈ పని సాగించాలంటే చూపు ఒక్కటే చాలదు. రంప ఏజెన్సీకి బదిలీ అంటే అప్పట్లో ఉద్యోగులు మలేరియా తలుచుకుని హడలిపోయేవారని మన పెద్దలు చెప్పుకునేవారు.

మలుపు దగ్గరికొస్తే వాలు లెక్క తలకిందులవుతుంది. మామూలు దారిలో ఇరవైకి ఒకటి ఎక్కుతున్న రోడ్డు హెయిర్‌పిన్‌లోకి రాగానే దాదాపు చదును కావాలి. నిబంధన ప్రకారం నలభైకి ఒకటి మించకూడదు. లోపలి అంచు వ్యాసార్థం 14 మీటర్లకు తగ్గకూడదు. రెండు వరుసల రాష్ట్ర రహదారి అయితే మలుపు కొసన వెడల్పు 11.5 మీటర్లు ఉండాలి. ఎందుకంటే పొడుగాటి బస్సు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలికి కోసుకుపోతాయి. ఆ కోత పట్టేంత చోటు లేకపోతే బస్సు ఆగి, వెనక్కి జరిగి, మళ్లీ తిరగాలి. చదును చేయడం కూడా ఇందుకే. నిటారు వాలు మీద ఆగి మళ్లీ కదిలే అవసరం రాకూడదు. మంచి హెయిర్‌పిన్‌ను కూర్చున్న చోటు నుంచే పోల్చుకోవచ్చు: మలుపులోకి వచ్చేసరికి ఇంజను గొంతు తగ్గుతుంది, మలుపు దాటగానే మళ్లీ పెరుగుతుంది. చెడ్డ మలుపులో ఆ గొంతు మధ్యలోనే కీచుమంటుంది.

మారేడుమిల్లి ఘాట్‌లో అన్ని మలుపులూ ఈ కొలతలకు నిలబడతాయని చెప్పను. ఇరుకువి ఉన్నాయి, అవతలి బండి కనపడనివి ఉన్నాయి. 2019 అక్టోబరులో వాల్మీకి కొండ దగ్గర కర్ణాటక నుంచి వచ్చిన యాత్రికుల బండి లోయలో పడి ప్రాణాలు పోయాయి. మైదానం నుంచి వచ్చిన డ్రైవరుకు ఈ దారి భాష తెలియదు. హారన్ కొట్టకుండా తిరగకూడదనీ, ఎక్కే బండికి దిగే బండి దారి వదలాలనీ ఇక్కడ నడిపే వాళ్లకు ఎవరూ బోర్డు పెట్టి చెప్పక్కర్లేదు. రోడ్డు ఎంత బాగా కట్టినా సగం పనితనం స్టీరింగు దగ్గరే మిగిలిపోతుంది.

బస్సులో ఎడమ సీటు పట్టుకోవాలా, కుడి సీటు పట్టుకోవాలా అని అడుగుతుంటారు. ఏ పక్కన కూర్చున్నా ఒకటే. ప్రతి హెయిర్‌పిన్‌కీ లోయ పక్క మారుతుంది. లోయ కనిపించని వంతు వచ్చినప్పుడు నిట్టూర్చకుండా కొండ పక్కకే చూడమంటాను. అసలు పనితనమంతా ఆ పక్కనే ఉంది.

డెల్టా రోడ్డుకు వీపు ఎత్తుగా ఉంటుంది. వాన రెండు పక్కలకూ జారిపోతుంది. కొండ రోడ్డుకు అలా కాదు, మొత్తం ఒకే వాలు, అదీ కొండ వైపుకే. లోయ వైపు వాలితే నీళ్లు అంచు మీదుగా పోతాయి, పోతూ పోతూ అంచునే తినేస్తాయి. బండి జారినా అటే జారుతుంది. కాబట్టి రోడ్డు మీద పడిన వానను లోపలికి, కొండ పాదంలో ఉన్న పక్క కాలువలోకి తిప్పుతారు. ఆ కాలువలోకి కొండ మీదనుంచి దిగే నీళ్లూ వస్తాయి. రెండు కలిస్తే కాలువ పట్టదు. అందుకని తవ్విన కొండ ముఖానికి పైన, రోడ్డు మీద నుంచి కనపడనంత ఎత్తులో, ఇంకో కాలువ అడ్డంగా తీస్తారు. వానాకాలం ముందు పూరింటి చుట్టూ తవ్వే చిన్న కాలువ ఏ పని చేస్తుందో అదీ అదే పని చేస్తుంది. పైనుంచి వచ్చే నీటిని ముఖం మీదికి రానివ్వకుండా పక్కనున్న వాగులోకి మళ్లిస్తుంది.

ఇక పక్క కాలువ ఎంతదూరమని మోస్తుంది? నీళ్లు పోగయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది, కాలువ అడుగు కోసుకుపోతుంది. బలం పెరగకముందే దాన్ని రోడ్డు కింద నుంచి దాటించాలి. తూములు ఇందుకు. కొండ వైపున చిన్న గుంత, అందులో ఇసుకా ఆకులూ దిగిపోవడానికి కొంత లోతు, తర్వాత రోడ్డు కింద గొట్టమో రాతి తూమో, లోయ వైపున నీళ్లు దూకే చోట రాళ్లు పరిచిన మెట్టు. ఆ మెట్టు లేకపోతే తూము నోట్లోంచి పడ్డ నీళ్లు కింద మట్టిని తొలిచి, రెండు మూడు వానాకాలాల్లో రోడ్డు కిందికే వచ్చేస్తాయి. దెబ్బ కింద తగులుతుంది, గుంట పైన పడుతుంది. తారు బాగా వేయలేదని మనం తిట్టుకుంటాం.

ఈ ఘాట్‌లో చూడవలసిన చోటు ఒకటి చెప్పమంటే నేను మలుపు పేరు చెప్పను, తూము చూపిస్తాను. మారేడుమిల్లి దాటి భద్రాచలం వైపు పోతుంటే జలతరంగిణి వస్తుంది, ఇంకా ముందుకు పోతే అమృతధార దారి. జనం జలపాతాల దగ్గర దిగుతారు. ఇదే నీళ్లు పేరు లేకుండా రోడ్డు పొడుగునా కొండ మడతల్లోంచి దిగుతూనే ఉంటాయి. కొండ మడత లోపలికి వంగిన ప్రతి చోటా రోడ్డూ లోపలికే వంగుతుంది. బయటికి పొడుచుకొచ్చిన ప్రతి చోటా తనూ పొడుచుకొస్తుంది. లోపలికి వంగిన చోట తప్పకుండా ఒక తూమో, చిన్న వంతెనో, చప్టాయో ఉంటుంది. ఈ లయ ఒకసారి పట్టుబడితే కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చు, బస్సు కొండ వైపు ఒరిగిందంటే వాగొచ్చిందని. నేరుగా కోసుకుపోయి ఉంటే దూరం తగ్గేది, కానీ ప్రతి మడత మీదా ఎత్తైన వంతెన కట్టాల్సి వచ్చేది. వాగు ఎక్కడ సన్నబడుతుందో అక్కడికే పోయి దాన్ని దాటడంలో డబ్బు పొదుపూ ఉంది, బుద్ధీ ఉంది.

నీటి తర్వాత రాయి. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించేది ఖొండలైట్. గట్టిగా ఉన్న చోట గట్టిదే. కానీ వానా ఎండా తగిలి పండిపోయిన చోట ఎర్రగా, పొరలు పొరలుగా, చేత్తో నలిపితే పొడి రాలేలా ఉంటుంది. అలాంటి ముఖాన్ని నిలువుగా కోస్తే నిలబడదు. అందుకే గోడలు: కోసిన ముఖం కింద కట్టే గోడ ఒకటి, రోడ్డు బయటి అంచును కింది నుంచి మోసే గోడ ఒకటి. ఈ రెండోదాన్ని దారిన పోయేవాళ్లెవరూ చూడరు, ఎందుకంటే వాళ్లు దాని నెత్తిన ఉంటారు. కొండ రోడ్డులో లోపలి సగం తవ్వింది, బయటి సగం ఆ తవ్విన మట్టినే పోసింది. పోసిన సగాన్ని పట్టి ఉంచేది ఈ గోడే. గోడ నిటారుగా ఉండదు, వెనక్కి, కొండ మీదికి కొంచెం ఆనుకుని ఉంటుంది. మధ్యమధ్య అడ్డంగా లోపలికంటా పోయే పొడుగు రాళ్లుంటాయి. వరుసగా కంతలుంటాయి, వాటి వాలు బయటికి ఉంటుంది. వానాకాలంలో ఆ కంతల్లోంచి నీళ్లు కారుతుంటే గోడ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎండిపోయిన కంత ఉంటే వెనక నీరు కట్టుకుని నెడుతోందని అర్థం. గార లేకుండా రాతి మీద రాయి పేర్చిన పాత గోడలకు ఈ బెంగ లేదు, వాటి ఒళ్లంతా కంతలే. కాంక్రీటు గోడ చూడ్డానికి బలంగా ఉంటుంది గానీ కంతలు మరిచిపోతే నీటి ముందు నిలవదు. కొత్తగా ఇనుప జాలీ బుట్టల్లో రాళ్లు నింపి పేరుస్తున్నారు. పాత ఒడ్డెరల పనిని యంత్రం కాలానికి తగ్గట్టు మార్చుకోవడమే అది. నాకు నచ్చిన మార్పు.

పనితనం మెచ్చుకుంటూ పనివాళ్లను మరిచిపోతే తప్పు. మన్యంలో రోడ్డు అనేది మొదట్నుంచీ తీపి మాట కాదు. 1879లో రంప పితూరీ లేచింది, దాన్ని అణచడానికి సర్కారుకు కొండల్లోకి సిపాయిలు చేరాలని తెలిసొచ్చింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేస్తున్న రోడ్డు మీద గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లతో చేయించిన వెట్టి, ఎగ్గొట్టిన కూలి 1922 నాటి తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఒకటి. అల్లూరి సీతారామరాజు ఆ ఆగస్టులో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడ్డాడు. సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. ఇరుకైన కొండ దారిలో ఏ చోటు ఎవరికి అనువో ఆ దారి తొక్కిన వాళ్లకు తెలిసినట్టు బయటి నుంచి వచ్చిన వాళ్లకు తెలియదు. ఏ ఘాట్ రోడ్డు మీదైనా గోడ బాగుందని చేయి వేసినప్పుడు ఈ మాట నాకు గుర్తుకొస్తుంది. రాయి పేర్చిన చేతికి ఏ లెక్కన కూలి ముట్టిందో గోడ చెప్పదు.

కొండరెడ్ల కాలిబాటలు ఇప్పటికీ రోడ్డును అడ్డంగా కోసి పోతుంటాయి. రోడ్డు మూడు మలుపులు తిరిగి చేరే చోటికి బాట నిటారుగా దిగి అయిదు నిమిషాల్లో చేరుతుంది. తలమీద మూట ఉన్న మనిషికి దూరం ముఖ్యం, చక్రానికి వాలు ముఖ్యం. రెండూ తప్పు కాదు. బ్యాగుల బరువుతో రొప్పే యాత్రికుడు ఆ బాట ఎక్కి చూస్తే హెయిర్‌పిన్ విలువ తెలుస్తుంది.

రోడ్డును ఏటేటా మళ్లీ కట్టేది గ్యాంగు కూలీలు. ఏ వ్యాసంలోనూ వీళ్ల ప్రస్తావన రాదు. తొలకరికి ముందు పక్క కాలువలు తోడాలి, తూము గుంతల్లోని ఆకులు తీయాలి, జంగిల్ క్లియరెన్స్ చేయాలి. ఇక్కడి అడవి ఆకు తెగ రాలుస్తుంది. మద్ది, వేగిస, బండారు, అడ్డతీగ, అన్నింటికీ మించి వెదురు. వెదురాకు తడిసి చాపలా అతుక్కుంటే చేతెడు తూము ఒక్క రాత్రిలో మూసుకుపోతుంది. మూసుకున్న తూము దగ్గర కాలువ పొంగి రోడ్డు మీదికొస్తుంది, రోడ్డు దాటి లోయ అంచు కోస్తుంది. లక్షలు పెట్టి కట్టిన గోడ కూలడానికి రెండు తట్టల ఆకు చాలు. పొదుపు పేరుతో గ్యాంగులను తగ్గించి, కూలిన గోడకు టెండరు పిలవడంలో ఏ పొదుపు ఉందో నాకు అర్థం కాదు.

ఇలాంటి అడవి కాకుండా పైన్ చెట్ల నడుమ పోయే రోడ్డు కావాలంటే రంపచోడవరం దగ్గరే దారి మార్చుకోవాలి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఇ నంబరుతో జాతీయ రహదారి వేస్తున్నారు. ఆ కొసన అరకు వైపు నాటిన పైన్ తోటలున్నాయి. చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి: బారులు తీరిన మానులు, కింద సూదుల పరుపు, ఎంత దూరమైనా కనిపించే చూపు. ఇంజనీరుకు ఆ చూపు వరం, మలుపు అవతల ఏముందో తెలుస్తుంది. కానీ అక్కడ కింద పొద తక్కువ. మారేడుమిల్లి అడవి అస్తవ్యస్తం. పెద్ద మాను కింద చిన్న మాను, దాని కింద వెదురు, దాని కింద తీగ, దాని కింద గడ్డి. వాన చుక్క నేలను తాకేలోగా నాలుగు మెట్లు దిగుతుంది, నేలను తాకాక వేళ్లు పట్టుకుంటాయి. రోడ్డుకు పైన ఉన్న ఆ గజిబిజి అంతా నిజానికి రోడ్డులో భాగమే. ఆ పై వాలు మీద పొదలు నరికేస్తే ఏ గోడా ఎక్కువ కాలం ఆగదు.

వెడల్పు చేయాలన్న కోరిక న్యాయమైనదే. బండ్లు పెరిగాయి, ప్రాణాలు పోతున్నాయి. అయితే వెడల్పు చేసే తీరు రెండు రకాలు. మలుపుల దగ్గర, ఎదురు బండి కనపడని చోట్ల మాత్రమే చోటు పెంచి, నడుమ నడుమ బండ్లు ఒదగడానికి జాగాలు ఇచ్చి, గోడలూ తూములూ ముందు కట్టి తర్వాత తారు వేయడం ఒకటి. పొక్లెయిన్ పెట్టి కొండ పాదాన్ని ఒకే బారున కోసుకుపోయి, మట్టిని లోయలోకి తోసి, తారు వేసి, గోడ సంగతి వచ్చే ఏడాది చూసుకోవడం ఇంకోటి. రెండో పని త్వరగా అవుతుంది, ఫొటోలో బాగుంటుంది. లోయలోకి తోసిన మట్టి వాగులో పడి కింది ఊళ్ల చప్టాలను పూడుస్తుంది, కోసిన పాదం మీద కొండ మరుసటి వానకు కూర్చుంటుంది. ఇటలీలో కార్లో దొనెగాని 1820 నుంచి 1825 లోపు స్టెల్వియో కనుమ మీద రోడ్డు వేశాడు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా బండ్లు ఆ మెలికల మీదే పోతున్నాయి. రోడ్డు కాలానికి తగ్గట్టు వెడల్పు కాలేదని అక్కడ ఎవరూ దాన్ని తీసి పక్కన పెట్టలేదు, నడిపే తీరు మార్చుకున్నారు. మన దగ్గరే 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు ఉంది. రెండోది వచ్చాక దాన్ని దిగడానికి మాత్రమే వాడుకుంటున్నారు. ఇరుకు రోడ్డుకు అదీ ఒక మర్యాదే.

చూడాలనుకునే వాళ్లకు ఒక సలహా. శీతాకాలం పొగమంచు కోసం అందరూ వెళతారు, బొంగులో చికెన్ తిని తిరిగొస్తారు. రోడ్డు పనితనం చూడాలంటే జులై చివర్లోనో ఆగస్టులోనో, గట్టి వాన వెలిసిన గంటకు వెళ్లాలి. కొండచరియల హెచ్చరికలు లేని రోజు చూసుకుని, వెలుగుండగానే, తెలిసిన డ్రైవరుతో వెళ్లాలి. మలుపు మీద కాకుండా నేరుగా ఉన్న చోట బండి ఆపి, కొండ పక్కన నిలబడి కాలువలో పోయే నీళ్ల వెంట నడవండి. అవి ఎక్కడ గుంతలో దిగుతున్నాయో, రోడ్డు దాటి ఎక్కడ తేలుతున్నాయో, మెట్టు మీద పడి ఏ రంగులో వాగులో కలుస్తున్నాయో చూడండి. తేటగా పోతుంటే ఆ పైనున్న కొండ, గోడ, తూము మూడూ తమ పని చేస్తున్నట్టే. ఎర్రగా పోతుంటే ఎక్కడో పైన ఏదో తెగింది. అప్పుడు కిలోమీటరు రాయి మీద అంకె రాసుకుని రంపచోడవరంలో రోడ్లు భవనాల శాఖ వాళ్లకు చెప్పి పోవాలి.